తలాపున మేలుకొని ఉన్నవారు: మత్తు ఇచ్చే నర్సుల వృత్తి చరిత్ర



ఈ సంచికలో మన పూర్వికులను గూర్చి, మిషనెరీలను గూర్చి, దేవాలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. నేను ఎన్నుకొన్న విషయము కొందరికి వింతగా తోచవచ్చును. ఆపరేషను బల్ల మీద మనిషిని నిద్రపుచ్చి, ఆ నిద్రను కనిపెట్టి, తిరిగి క్షేమముగా లేపే నర్సుల చరిత్రను గూర్చి వ్రాయదలచాను. ఒక పాస్టరుకు దీనితో ఏమి పని అని అడిగేవారికి రెండు కారణములు చెప్పుకొంటాను.

మొదటిది ఇది. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపు బిడ్డ ఒకతె తన తల్లితో కూడ నా యొద్దకు వచ్చింది. హైదరాబాదులో ఒక ఆస్పత్రి ఐ.సి.యు.లో ఆమె నర్సు. "అయ్యగారూ, నేను అమెరికా వెళ్ళి మత్తు ఇచ్చే నర్సు చదువు చదవాలనుకుంటున్నాను. సంఘం నుండి ఒక ఉత్తరం కావాలి" అన్నది. తల్లి ఆశ్చర్యపడి, "నర్సులు మత్తు ఇస్తారా అయ్యగారూ? అది డాక్టరు పని కదా! ఇది నన్ను మభ్యపెడుతుందేమో మీరే కనుక్కోండి" అన్నది. ఉత్తరము వ్రాసి ఇచ్చాను గాని తల్లి ప్రశ్నకు ఆ రోజున నా యొద్ద జవాబు లేదు. తరువాత వెదికి, చదివి తెలుసుకొన్నదే ఈ వ్యాసము.

రెండవది నా ఇంటి సంగతి. 1997లో నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. మా అక్కకు ఇరవైనాలుగు గంటల నొప్పి వచ్చింది. ఒక చిన్న పట్టణములోని ఆస్పత్రికి తీసుకొనిపోయాము. మత్తు డాక్టరు దొరకలేదని చెప్పి, ఆపరేషను చేసే డాక్టరు గారే మత్తు సూది ఇచ్చి, వెంటనే కత్తి పట్టుకొన్నారు. కత్తెరలు అందించుటకు నిలిచి ఉన్న ఒక పడుచు నర్సు అక్క ముఖము వైపు చూచింది. పెదవులు నల్లబడుతున్నాయి. రొమ్ము లేవడము లేదు. ఆమె చేతిలోని పళ్ళెము పక్కన పడవేసి, కేక వేసి, అక్క గడ్డము పైకెత్తి పట్టుకొని, ముఖమునకు మాస్కు పెట్టి బ్యాగు నొక్కుట మొదలుపెట్టింది. అక్క బ్రదికింది. ఇప్పుడు ఆమె పిల్లలు ఉద్యోగములు చేసుకొంటున్నారు. ఆ నర్సు మన సంఘపు బిడ్డే గనుక ఈ సంగతి తరువాత మా అమ్మకు చెప్పింది. థియేటరులో కేకలు వేసినందుకు ఆమెకు ఆ రోజు చీవాట్లు పడ్డాయట. మా అమ్మ ఒక చీర తీసుకొనిపోతే ఆమె పుచ్చుకోలేదు. "నేను ఏమి చేశాను పెద్దమ్మా, ముఖం వైపు చూశాను, అంతే" అన్నదట.

ముఖము వైపు చూచుట! ఈ వృత్తి చరిత్ర అంతయు ఆ ఒక్క మాటలో ఉన్నదని చదివినకొద్దీ నాకు తెలిసివచ్చింది.

గాఢనిద్ర

ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడు ఆదామునకు గాఢనిద్ర కలుగజేసి ప్రక్కటెముకను తీసిన సంగతి మనకు ఆదివారపు బడి నుండి తెలిసినదే. మనుష్యుడు అటువంటి నిద్రను తన చేతులతో కలుగజేయుట నేర్చుకొన్నది మాత్రము నిన్న మొన్ననే. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరములో మాసచూసెట్స్ జనరల్ ఆస్పత్రిలో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఒక రోగికి ఈథరు ఆవిరి పీల్పించగా, జాన్ కాలిన్స్ వారెన్ అనే శస్త్రవైద్యుడు అతని మెడ మీది గడ్డకు ఆపరేషను చేశాడు. అంతకుముందు ఆపరేషను అంటే నలుగురు మనుష్యులు రోగిని అదిమి పట్టుకొనుట. మరుసటి సంవత్సరము, అనగా 1847 నవంబరులో, స్కాట్లండులోని ఎడింబరో పట్టణములో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోకి తెచ్చాడు. ప్రసవవేదన దేవుడు విధించినది, దానిని తప్పించవచ్చునా అనే అభ్యంతరమునకు జవాబుగా ఆయన అదే సంవత్సరము ఒక చిన్న పుస్తకము వ్రాసి, అందులో ఆదాము గాఢనిద్రనే సాక్ష్యముగా చూపాడు. 1853లో విక్టోరియా రాణి తన కుమారుడు లియోపోల్డు ప్రసవ సమయమున డాక్టరు జాన్ స్నో చేత క్లోరోఫారము పుచ్చుకొన్న తరువాత ఆ అభ్యంతరము చాలవరకు సద్దుమణిగింది.

అయితే దేవుడిచ్చిన నిద్ర వేరు, మనిషి ఇచ్చిన నిద్ర వేరు. 1848 జనవరి 28న ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏండ్ల బాలిక కాలి గోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పుచ్చుకొని కొన్ని నిమిషములలోనే చనిపోయింది. చిన్న గోరు కొరకు ఒక ప్రాణము పోయింది! మత్తు ఇచ్చుట సుళువు, దానిని కనిపెట్టుట కష్టము అని లోకము అప్పుడే గ్రహించవలసి ఉండెను. గ్రహించుటకు చాలా కాలము పట్టింది.

ఎవరికీ అక్కరలేని పని

ఇంగ్లండులో జాన్ స్నో వంటి వైద్యులు ఈ పనిని తమదిగా చేసుకొన్నారు. అమెరికాలో అట్లు జరుగలేదు. అక్కడ కత్తి పట్టినవానికే గౌరవము, అతనికే రుసుము. మత్తు చుక్కలు వేయుట కొత్తగా చేరిన కుర్ర వైద్యులకు, విద్యార్థులకు అప్పగించేవారు. వారి కన్ను శస్త్రవైద్యుని చేతుల మీద ఉండేది. ఆ పని నేర్చుకొనుటకే కదా వారు వచ్చింది! రోగి ముఖము చూచేవారెవరు? ఆపరేషను చక్కగా ముగిసినా మనిషి మేలుకొనని సందర్భములు పెరిగాయి. అప్పుడు శస్త్రవైద్యులు ఆలోచించారు. కత్తి మీద ఆశ లేనివారు, తలాపున కూర్చుండి రోగిని తప్ప మరి దేనిని చూడనివారు, ఈ పనినే తమ పనిగా ఎంచుకొనేవారు కావాలి. అటువంటివారు వారికి దొరికినది సంఘపు ఆస్పత్రులలోనే.

1877లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఈరీ పట్టణములో సెయింట్ విన్సెంట్ ఆస్పత్రిలో సిస్టర్ మేరీ బెర్నార్డ్ అనే కన్యస్త్రీ నర్సింగు నేర్చుకొనుటకు చేరింది. కొద్దికాలములోనే ఆమెకు మత్తు ఇచ్చే పని అప్పగించారు. ఈ పనినే ప్రత్యేక వృత్తిగా చేపట్టిన నర్సులలో పేరు తెలిసిన మొదటి వ్యక్తి ఆమెయే అని చరిత్రకారులు చెబుతారు. రోమను కతోలిక సంఘపు కన్యస్త్రీలైనను ఈ విషయములో మనమందరము వారికి ఋణస్థులమే.

1883లో మిన్నెసోటా రాష్ట్రములోని రోచెస్టరు అనే చిన్న ఊరిని పెద్ద సుడిగాలి పాడుచేసింది. గాయపడినవారిని ఉంచుటకు అక్కడ ఆస్పత్రి లేదు. సెయింట్ ఫ్రాన్సిస్ కన్యస్త్రీల పెద్ద మదర్ ఆల్ఫ్రెడ్ మోజ్, డాక్టరు విలియం వొరాల్ మేయో యొద్దకు పోయి, మీరు వైద్యము చేస్తానంటే మేము ఆస్పత్రి కట్టిస్తామని అడిగింది. అట్లు 1889లో సెయింట్ మేరీస్ ఆస్పత్రి తెరువబడింది. నేడు లోకమంతయు ఎరిగిన మేయో క్లినిక్కు మూలము అదియే. అక్కడ మొదట మత్తు ఇచ్చినది ఈడిత్ గ్రహాం అనే నర్సు. 1893లో ఆమె డాక్టరు చార్లెస్ మేయోను వివాహము చేసుకొనగా, ఆమె స్థానములోనికి ఆలిస్ మగావ్ అనే మరియొక నర్సు వచ్చింది.

ఆలిస్ మగావ్ లెక్క

ఆలిస్ మగావ్ వద్ద యంత్రములు లేవు. తీగెతో అల్లి గుడ్డ పరచిన ఒక ముసుగు, ఒక ఈథరు సీసా, అంతే. చుక్క చుక్కగా వేసేది. ఊపిరి ఎట్లు వస్తున్నది, పెదవుల రంగు ఎట్లున్నది, కంటిపాప ఎంత పెద్దదైనది, నాడి ఎట్లు కొట్టుకొంటున్నది, దవడ ఎంత వదులైనది, వీటినే చూచేది. మత్తు ఎక్కేవరకు రోగితో మెల్లగా మాట్లాడుతూ ఉండేది. భయము తగ్గిన మనిషికి తక్కువ మందు చాలునని ఆమె అనుభవము. ఊపిరాడకుండ ముఖము మీద ముసుగు అదిమి పట్టే పద్ధతిని ఆమె ఒప్పుకొనలేదు.

చేసిన ప్రతి పనిని ఆమె వ్రాసిపెట్టుకొన్నది. 1899 నుండి వైద్య పత్రికలలో తన అనుభవమును ప్రకటించింది. 1906లో 14,000 పైచిలుకు మత్తుల లెక్కను ప్రకటించి, వాటిలో మత్తు కారణముగా ఒక్క మరణము కూడ కలుగలేదని చూపింది. ఆ దినములలో ఆ మాట నమ్మలేనిది. దేశ దేశముల నుండి శస్త్రవైద్యులు రోచెస్టరుకు వచ్చి మేయో సహోదరుల కత్తిపనితో బాటు ఆమె చేతిపనిని కూడ చూచి వెళ్ళేవారు. చార్లెస్ మేయో ఆమెను ఎనస్థీషియాకు తల్లి అని పిలిచాడు.

మన సంఘపు యౌవన స్త్రీలు ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఆమె మంచి పనిచేసి ఊరకొనలేదు, లెక్క వ్రాసింది. లెక్క వ్రాసినందుననే తరువాతివారికి అది విద్య అయినది. తరువాత న్యాయస్థానములలో తగవు వచ్చినప్పుడు ఈ వృత్తివారి చేతిలో ఇటువంటి లెక్కలే బలమైనవి.

పాఠశాల, యుద్ధము, న్యాయస్థానము

చేతి విద్యగా ఒకరినుండి ఒకరు నేర్చుకొన్నది 1909 నాటికి పాఠశాలకు ఎక్కింది. ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌ల్యాండులో సెయింట్ విన్సెంట్ ఆస్పత్రిలో ఆగ్నెస్ మెగీ అనే నర్సు మొదటి శిక్షణ తరగతిని నడిపింది. క్లీవ్‌ల్యాండు నగరములో లేక్‌సైడ్ ఆస్పత్రిలో డాక్టరు జార్జి క్రైల్ 1908లో అగతా హాడ్జిన్స్ అనే నర్సును మత్తు పనికి ఎన్నుకొన్నాడు. కెనడాలో పుట్టిన స్త్రీ ఆమె. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజను వాయువులను కలిపి ఇచ్చుటలో ఆమె ఆరితేరింది. మొదటి ప్రపంచ యుద్ధమందు, 1914 చివర, వారిద్దరు ఒక వైద్య బృందముతో ఫ్రాన్సు వెళ్ళి, పారిస్ ప్రక్కనున్న నుయ్యీ అనే చోట గాయపడిన సైనికులకు సేవ చేశారు. ఆమె అక్కడ ఇతరులకు కూడ ఆ పని నేర్పింది. తిరిగివచ్చి 1915లో లేక్‌సైడ్ మత్తు శిక్షణాలయమును తెరిచింది. నర్సులే గాక డాక్టర్లు కూడ ఆమె యొద్ద నేర్చుకొన్నారు.

పనికి గౌరవము, జీతము రాగానే తగవు కూడ వచ్చింది. ఎవరికీ అక్కరలేనప్పుడు నర్సు చేయదగిన పని, విలువ వచ్చిన తరువాత డాక్టరు తప్ప మరెవరు చేయరానిదని కొందరు వైద్యులు వాదించారు. 1917లో కెంటకీ రాష్ట్రపు పై కోర్టులో డాక్టరు లూయిస్ ఫ్రాంక్, ఆయన యొద్ద పనిచేసే నర్సు మార్గరెట్ హాట్‌ఫీల్డ్‌ల వ్యాజ్యము విచారణకు వచ్చింది. శస్త్రవైద్యుని ఆజ్ఞ ననుసరించి నర్సు మత్తు ఇచ్చుట వైద్య చట్టమును మీరుట కాదని కోర్టు తీర్పు ఇచ్చింది. లాస్ ఏంజెలిసు నగరములో డాగ్మార్ నెల్సన్ అనే నర్సు మీద కొందరు డాక్టర్లు దావా వేయగా, 1936లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు కూడ ఆమె పక్షముననే తీర్పు చెప్పింది.

వైద్యుల వాదములో కూడ సత్యము లేకపోలేదని న్యాయముగా ఒప్పుకొనవలెను. మత్తుమందులు పెరిగాయి, గుండె ఆపరేషనులు వచ్చాయి, ముసుగు మీద చుక్కలు వేసే కాలము గతించింది. లోతైన వైద్య విద్య అవసరమన్నది నిజము. నర్సులు ఆ వాదమునకు కోపముతో గాక చదువుతో జవాబు చెప్పారు. 1931లో హాడ్జిన్స్ నాయకత్వమున తమ జాతీయ సంఘమును ఏర్పరచుకొన్నారు. 1945లో మొదటి సారి అర్హతా పరీక్ష పెట్టుకొన్నారు. 1947లో పురుషులను కూడ చేర్చుకొన్నారు. 1952లో తమ పాఠశాలలను తామే తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే ఏర్పాటు చేసుకొన్నారు. 1956 నుండి పరీక్షలో నెగ్గినవారు సి.ఆర్.ఎన్.ఏ. అనే బిరుదు పెట్టుకొనుచున్నారు. 1986లో అమెరికా ప్రభుత్వము వృద్ధుల వైద్య భీమా పథకము క్రింద వీరికి నేరుగా రుసుము చెల్లించునట్లు చట్టము చేసింది. 1998 నుండి ఎం.ఎస్. స్థాయి చదువు తప్పనిసరి అయినది. 2022 నుండి కొత్తగా చేరే ప్రతివారు డాక్టరేటు స్థాయిలోనే చదువవలెను.

ఈ చరిత్రలో మన సంఘములకు ఇష్టమైన ఒక పేరును తలచుకొని ముందుకు పోతాను. 1958 సెప్టెంబరు 20న న్యూయార్కులోని హార్లెములో రెవరెండ్ మార్టిన్ లూథర్ కింగ్ తన పుస్తకముల మీద సంతకములు చేస్తుండగా మతి చెదిరిన ఒక స్త్రీ ఆయన రొమ్మున కాగితములు కోసే కత్తి పొడిచింది. ఆ కత్తి మొన గుండె పెద్ద రక్తనాళమును తాకుచున్నది. హార్లెం ఆస్పత్రిలో ఆపరేషను జరిగినప్పుడు చేతితో బ్యాగు నొక్కి ఆయనకు ఊపిరి అందించిన బృందములో గోల్డీ బ్రాంగ్‌మన్ అనే నల్లజాతి నర్సు ఉన్నది. 1951లో ఆ ఆస్పత్రిలో మత్తు నర్సుల పాఠశాలను స్థాపించినవారిలో ఆమె ఒకతె. 1973లో ఆమె ఆ వృత్తి జాతీయ సంఘమునకు అధ్యక్షురాలైనది. 2020లో 102 ఏండ్ల వయస్సున కన్నుమూసింది. కింగ్ గారి ప్రసంగములు మనమందరము ఎరుగుదుము. ఆ ఊపిరిని నిలిపినవారి చేతులను ఎంతమంది ఎరుగుదురు?

మన తెలుగు నేల మీద

మత్తు చరిత్రలో మన హైదరాబాదుకు కూడ గొప్ప స్థానమున్నది. క్లోరోఫారము ప్రాణము తీసినప్పుడు మొదట ఆగేది గుండెయా, ఊపిరియా అని ఐరోపాలో పెద్ద వాదము నడిచింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఊపిరినే కనిపెట్టవలెనని పట్టుబట్టాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయముతో 1888లో ఒకటి, 1889లో మరొకటి హైదరాబాదు క్లోరోఫారము కమీషనులు కూర్చున్నాయి. రెండవదానికి ఇంగ్లండు నుండి డాక్టరు లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలకొలది జంతువుల మీద పరీక్షలు చేసి, ఊపిరి చక్కగా చూచుకొంటే గుండెకు అపాయము లేదని వారు తేల్చారు. ఆ నిర్ణయము పూర్తిగా సరి కాదని, క్లోరోఫారము గుండెను నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లేవీ పరిశోధన చూపింది. అయినను ఊపిరి నుండి కన్ను మరల్చవద్దు అనే లారీ పాఠము నేటికిని మంచి పాఠమే.

ఆ హైదరాబాదు వైద్య పాఠశాలలోనే 1889లో పట్టము పుచ్చుకొన్న పార్శీ వనిత డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫారము ఇచ్చుటలో పేరు తెచ్చుకొన్నది. మత్తు ఇచ్చుటను వృత్తిగా చేపట్టిన స్త్రీ వైద్యులలో ప్రపంచములోనే మొదటివారిలో ఆమెను లెక్కిస్తారు. కోస్తా జిల్లాలలో 1883లో గుంటూరు వచ్చిన లూథరను మిషను డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీల ఆస్పత్రిని తెరిచింది. డాక్టరు ఒక్కరే ఉన్న ఇటువంటి మిషను ఆస్పత్రులలో కత్తి డాక్టరు దొరసాని చేతిలో ఉంటే, మత్తు సీసా మరియొకరి చేతిలో ఉండక తప్పదు కదా! మన పూర్వపు నర్సమ్మలు ఎందరు రోగుల తలాపున నిలిచారో ఆ లెక్క పరలోకములోనే ఉన్నది.

అయినను ఇంగ్లీషువారి పద్ధతి ననుసరించిన మన దేశములో ఈ పని వైద్యుల పనిగానే స్థిరపడింది. నేడు ఇక్కడ మత్తు ఇచ్చుట ఆ శాస్త్రములో ఎం.డి. వంటి పట్టము పుచ్చుకొన్న డాక్టర్ల బాధ్యత. నర్సు స్వతంత్రముగా మత్తు ఇచ్చే అధికారము మన చట్టములో లేదు. బి.ఎస్సి. ఎనస్థీషియా టెక్నాలజీ చదివినవారు యంత్రములను సిద్ధపరచి డాక్టరుకు సహాయము చేస్తారు. కనుక ఆ తల్లి అడిగిన ప్రశ్న తప్పు కాదు. మన దేశములో ఆమె మాట నిజము, అమెరికాలో ఆమె కూతురి మాట నిజము. అమెరికాలోనే గాక ఫ్రాన్సు, స్వీడను, నార్వే, డెన్మార్కు, స్విట్జర్లాండు దేశములలో కూడ మత్తు నర్సులు ఉన్నారు. 1989లో 11 దేశములవారు కలిసి అంతర్జాతీయ సమాఖ్యను కూడ స్థాపించుకొన్నారు.

ఆ చదువు దారి

మన బిడ్డలు ఏజెంట్ల మాటలు నమ్మి మోసపోకుండునట్లు ఆ దారిని ఉన్నది ఉన్నట్లు చెబుతాను.

మొదట బి.ఎస్సి. నర్సింగు కావలెను. జి.ఎన్.ఎం. చదివినవారు పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. ముగించుకొనుట మంచిది. ఇక్కడి బి.ఎస్సి. ఎనస్థీషియా టెక్నాలజీ పట్టముతో అక్కడ మత్తు నర్సు కాలేరు. పేర్లు దగ్గరగా ఉన్నందున ఈ పొరపాటు పడేవారున్నారు. ఆ చదువునకు రిజిష్టర్డు నర్సు అయి ఉండుట మొదటి షరతు.

పిమ్మట సర్టిఫికెట్ల పరిశీలన, ఇంగ్లీషు పరీక్ష, ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సుల లైసెన్సు పరీక్ష ఉంటాయి. ఆ మీదట వీసా. మన దేశస్థులకు ఈ వరుసలో ఏండ్ల తరబడి నిరీక్షణ తప్పడము లేదు.

అక్కడ ఐ.సి.యు. వంటి చోట ప్రాణాపాయములో ఉన్న రోగులను చూచుకొన్న అనుభవము కనీసము ఒక సంవత్సరము ఉండవలెను. ఎక్కువమంది రెండు మూడేండ్లు చేసిన తరువాతనే చేరుతారు. మామూలు వార్డులో చేసిన సర్వీసు దీనికి లెక్కకు రాదు. ఊపిరి యంత్రము మీద ఉన్న మనిషిని రాత్రంతయు చూచి, చిన్న మార్పును కనిపెట్టగలిగినవారే ఆ చదువునకు తగినవారని దాని ఉద్దేశము.

తరువాత మూడు సంవత్సరములు లేక అంతకు మించిన డాక్టరేటు చదువు. మందుల శాస్త్రము, శరీర ధర్మము, వాయువుల భౌతిక శాస్త్రము, గొంతులోనికి గొట్టము వేయుట, వెన్నులో సూది, నరములకు మత్తు, కాన్పు మత్తు, చంటిబిడ్డల మత్తు, యంత్రములు పాడైనప్పుడు చేయవలసినవి, అన్నియు నేర్చుకొనవలెను. ఆస్పత్రిలో చేతితో నేర్చుకొనే సమయమే కనీసము 2,000 గంటలు. ఆ మూడేండ్లు ఉద్యోగము చేసుకొంటూ చదువుట సాధ్యము కాదనే చెప్పవలెను. జీతము ఉండదు, అప్పు లక్ష డాలర్లు దాటుట సామాన్యము. ఆఖరున జాతీయ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు. అంతటితో ముగియదు. వృత్తిలో ఉన్నంతకాలము చదువుతూ, ధృవపత్రమును తిరిగి తెచ్చుకొంటూ ఉండవలెను.

కాబట్టి ఇరవై రెండేండ్ల బిడ్డ ఈ రోజున బయలుదేరితే, వీసా త్వరగా వచ్చినా ముప్పది దాటిన తరువాతనే ఆ పని చేతికి వస్తుంది. పెండ్లి, పిల్లలు, ఇంటి అప్పు, తమ్ముళ్ళ చదువు, అన్నియు ఈ లెక్కలో పెట్టుకొని కుటుంబము కలిసి నిర్ణయించుకొనవలెను.

చదివిన తరువాత

పని చేతికి వచ్చిన తరువాత తలుపులు చాలా తెరువబడి ఉంటాయి. పెద్ద ఆస్పత్రులలో మత్తు డాక్టర్లతో కలిసి ఒక బృందముగా గుండె, మెదడు ఆపరేషనులలో పనిచేయవచ్చును. ఒక్క రోజులో చేసి ఇంటికి పంపే శస్త్రచికిత్సాలయములలో, కంటి, పంటి వైద్యశాలలలో, కాన్పుల వార్డులలో, దీర్ఘకాలపు నొప్పులకు వైద్యము చేసే చోట్ల కూడ వీరు కావలెను. సైన్యములో చేరినవారు యుద్ధభూమికి దగ్గరగా పనిచేస్తారు. కొందరు కళాశాలలలో బోధకులవుతారు. మిషను వైద్య బృందములతో కలిసి పేద దేశములకు పోయేవారును ఉన్నారు.

వీరి అవసరము మిక్కిలి ఎక్కువగా ఉన్నది పల్లెటూళ్ళలో. అమెరికాలో ఎన్నో గ్రామ ప్రాంతపు ఆస్పత్రులలో మత్తు ఇచ్చేవారు ఈ నర్సులే. వారు లేకపోతే అక్కడి గర్భిణి ఆపరేషను కాన్పు కొరకు ఎన్నో మైళ్ళు పోవలసి ఉంటుంది. ఈ కారణము చేతనే 2001లో, డాక్టరు పర్యవేక్షణ ఉండితీరవలెనన్న కేంద్ర నిబంధన నుండి కోరుకొన్న రాష్ట్రములు తప్పుకొనుటకు వీలు కల్పించారు. మొదట తప్పుకొన్నది అయోవా రాష్ట్రము. ఈ విషయములో డాక్టర్లకు, నర్సులకు వాదము నేటికిని ఆరలేదు. అక్కడికి వెళ్ళే మన బిడ్డలు ఇది తెలిసియే వెళ్ళవలెను.

ఇక జీతము. దాచి ప్రయోజనము లేదు. 2023లో అమెరికాలో వీరి సగటు సంపాదన ఏడాదికి 2 లక్షల డాలర్లు దాటింది. నర్సింగు వృత్తులలో ఇదియే అందరికంటె ఎక్కువ. ఈ మాట చదువగానే కొందరు తలిదండ్రులు మిగిలిన వ్యాసమంతయు మరచిపోతారని నాకు భయము!

సంఘము యొక్క బాధ్యత

ఈ నూరేండ్లలో మన సంఘములు లోకమునకు ఇచ్చిన గొప్ప కానుక ఏది అని నన్నడిగితే మన నర్సులు అంటాను. పై కులములవారు తమ ఆడబిడ్డలను పంపని దినములలో, రోగి మలమూత్రములు ఎత్తే పని అని లోకము చులకన చేసిన దినములలో, మన అమ్మలు, పెద్దమ్మలు తెల్ల చీర కట్టుకొని వార్డులలోనికి పోయారు. వారి జీతములతో తమ్ముళ్ళు చదువుకొన్నారు, పూరి ఇండ్లు డాబాలైనవి, దేవాలయములకు గంటలు, బెంచీలు వచ్చాయి. అయితే మనము వారికి చేసినదేమి? విదేశములలో ఉన్న నర్సు సెలవుకు వస్తే కానుకల చిట్టా పట్టుకొని ఎదురుపోతున్నాము. ఆమె రాత్రి డ్యూటీల అలసట, ఒంటరితనము, కండ్ల యెదుట చనిపోయినవారి తలంపు, వీటిని గూర్చి అడిగే పాస్టరు ఎక్కడ? ఈ మాట నన్ను నేను నిందించుకొంటూ వ్రాస్తున్నాను.

కావున ఈ శతవార్షికోత్సవ సందర్భమున మూడు మనవులు చేసుకొంటాను. ప్రతి పాస్టరేటులో నర్సులుగా పనిచేసినవారి పేర్లు, పనిచేసిన ఆస్పత్రులు, ఏండ్లు ఒక రిజిష్టరులో వ్రాయించవలెను. ఆలిస్ మగావ్ లెక్క వ్రాసినందుననే ఆమె పని నిలిచింది. విదేశములలో ఉన్న మన నర్సులు వెనుక వచ్చేవారికి నిజమైన దారి చూపునట్లు అధ్యక్ష మండల స్త్రీల మైత్రి ఒక ఏర్పాటు చేయవలెను. మే 12న నర్సుల దినమునకు దగ్గరి ఆదివారమున వారి కొరకు ప్రత్యేక ప్రార్థన చేయవలెను.

ఆ బిడ్డకు నేను ఇచ్చిన ఉత్తరములో ఆమె మంచి నడవడి గలదని, సంఘమునకు క్రమముగా వచ్చునదని, అందరు పాస్టర్లు వ్రాసేదే వ్రాశాను. ఇప్పుడైతే ఇంకొక మాట చేరుస్తాను. మనలను కాపాడే దేవుడు కునుకడని కీర్తనకారుడు సాక్ష్యమిచ్చాడు. మాట్లాడలేని, కదలలేని, తన ఊపిరి తాను తీసుకొనలేని మనిషి ప్రక్కన కునుకక కూర్చుండుట ఆ కాపరి పనిలో పాలుపొందుట. అమ్మా, జీతము ఎంత వచ్చినా, యంత్రములు ఎన్ని ఉన్నా, ముఖము వైపు చూచుట మానవద్దు.

మా అక్కను బ్రదికించిన నర్సు కొన్నేండ్ల క్రిందట రిటైరైనది. ఆమె పేరు మా పాత పాస్టరేటు రిజిష్టరులో బాప్తిస్మము పొందినవారి వరుసలో ఉన్నది, వివాహమైనవారి వరుసలో ఉన్నది. పరిచర్య చేసినవారి వరుస ఒకటి తెరిస్తే, మొదటి పేరుగా దానిని నేనే నా చేతితో వ్రాయవలెనని కోరుకొంటున్నాను. ప్రభువు మన నర్సులందరిని, వారు కనిపెట్టుచున్న నిద్రితులందరిని కాపాడును గాక.